ఏడాది వాడాక చెప్తున్నా: మా 3 కిలోవాట్ల రూఫ్‌టాప్ సోలార్ రివ్యూ

మాది ఖమ్మం. డాబా మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్ (గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్‌కి కలిపి ఉండేది) 2024 డిసెంబర్‌లో ఆన్ అయింది, 2025 జనవరి నుంచి డిసెంబర్ దాకా నిండు ఏడాది లెక్క రాసి పెట్టుకున్నాం. చుట్టాలూ కాలనీవాళ్ళూ అడిగినప్పుడల్లా ఫోన్లో చెప్పీ చెప్పీ, ఇక ఒక్కచోట రాసేద్దామని కూర్చున్నా. పెట్టించుకోమనే చెప్తాను, అది ముందే చెప్పేస్తున్నా. కాకపోతే వీడియోల్లో చూపించే జీరో బిల్లు ఒక్కటే చూసి పెట్టించుకుంటే సగం సంగతే తెలుస్తుంది, మిగతా సగం మాకు ఏడాది అయ్యాక మీటర్ రీడింగులన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తేగానీ తెలియలేదు.

మా నాన్న పాల్వంచ కేటీపీఎస్‌లో, అంటే కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ అనే బొగ్గు ప్లాంటులో, పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. నేనూ తమ్ముడూ చదువుకుంది ఆ బొగ్గు కరెంటు జీతంతోనే, అందుకని బొగ్గు మీద ఒక మాట తేలిగ్గా అనేయడం నాకు రాదు. 2024 ఆగస్టు 5న అక్కడి పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదీ పేల్చి కూల్చేశారు కదా, వంద మీటర్ల పైన ఎత్తున్నవి, నా చిన్నప్పుడు బస్సులోంచి అవి కనపడితే ఇల్లొచ్చేసినట్టు లెక్క. నాన్న ఫోన్లో ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూసి ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. సోలార్ పెట్టించే మాట మా ఇంట్లో వచ్చింది ఆ వారంలోనే. నాన్న వద్దనలేదు, "పెట్టించమ్మా, మంచిదే, కానీ రాత్రి ఎనిమిదింటికి ఏం చేస్తావో అది కూడా ఆలోచించుకో" అన్నారు, అంతే. ఆ మాట నేనప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

ముందు సామాను సంగతి. 540 వాట్ల ప్యానెళ్ళు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు, ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే స్ట్రింగ్ ఇన్వర్టర్ ఒకటి, వైఫై యాప్, ఎర్తింగ్ గుంతలు మూడు, పిడుగు నుంచి కాపాడటానికి అరెస్టర్ ఒకటి. మొత్తం 1,95,000 అయింది, కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 బ్యాంకులో పడింది. సబ్సిడీ లెక్క మన దగ్గర ఇళ్ళకి ఇదీ, మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30 వేలు చొప్పున, మూడోదానికి 18 వేలు, ఆ పైన ఎంత పెట్టించినా 78 వేలే. ప్యానెళ్ళు మాత్రం మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే ఉండాలి, డీసీఆర్ అంటారు, వెండర్ తక్కువ రేటు చెప్పి వేరేవి బిగించేస్తే సబ్సిడీ రాదు, అందుకని ప్యానెల్ వెనక సీరియల్ నంబర్లు బిగించకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి, వారంటీకి కూడా అవే అడుగుతారు. ఇప్పుడు పెట్టించేవాళ్ళకి ఇంకో మేలు ఏంటంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్యానెళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అదే రోజు ఏసీల మీద కూడా 28 నుంచి 18కి తగ్గింది, ఆ సంగతి ఎందుకు గుర్తుపెట్టుకున్నానో కిందకి వచ్చాక చెప్తాను.

ప్యానెళ్ళని నిలబెట్టే స్ట్రక్చర్ మాత్రం ఎత్తుగా కట్టించుకోండి. వెండర్ మొదట రెండడుగుల ఎత్తులో పెట్టేస్తా అన్నాడు, మా అత్తయ్య ఒప్పుకోలేదు, వడియాలూ మిరపకాయలూ ఎండబెట్టేది ఆ డాబా మీదే, ఎనిమిదడుగులు లేపించాం, ఇంకో 14 వేలు ఎక్కువైంది, పై 1,95,000లో అది కలిపే ఉంది. ఇప్పుడు ప్యానెళ్ళ కింద మధ్యాహ్నం నీడ ఉంటోంది, కింద బెడ్రూమ్ స్లాబు కూడా మునుపటిలా కాలడం లేదు, చేత్తో ముట్టుకుంటే తేడా తెలుస్తోంది. కోతులు ఎక్కుతాయని భయపడ్డాం, ఎక్కుతున్నాయి కూడా, ఇప్పటిదాకా గ్లాసుకి ఏమీ కాలేదు కానీ వైరు ఒకటి పీకేశాయి, అందుకని వైర్లన్నీ గట్టి పైపులో వేయించుకోండి.

వెండర్ పేరు రాయను. పని బాగా చేశాడు, నట్లు కూడా స్టీలువి వాడాడు, ఎక్కడా తుప్పు లేదు. కానీ అప్పటికి కరెంటు మీటరు ఇంకా మా మామయ్యగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి నాలుగేళ్ళయింది, పేరు మార్చకపోతే అప్లికేషన్ ముందుకి కదలదని అతనికి తెలిసి కూడా ప్యానెళ్ళు బిగించేశాక చెప్పాడు, దాంతో ఆరు వారాలు ప్యానెళ్ళు ఎండలో ఊరికే ఉన్నాయి. మీ మీటరు ఎవరి పేరు మీద ఉందో ముందు చూసుకోండి, చాలా ఇళ్ళల్లో ఇదే గొడవ. జూన్‌లో ఒక కనెక్టర్ లూజై ఉత్పత్తి సున్నా అయింది, ఎన్నిసార్లు ఫోన్ చేసినా మనిషి వచ్చింది పదకొండో రోజున, ఆ పదకొండు రోజుల కరెంటు పోయినట్టే. యాప్ రోజూ చూడబట్టి తెలిసింది, లేకపోతే నెల బిల్లు వచ్చేదాకా తెలిసేది కాదు.

ఇంకో విషయం, ఇది ఎవరూ ముందు చెప్పరు. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ దంచేస్తున్నా సరే ఫ్యాన్ తిరగదు. లైన్ మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి మన ప్యానెళ్ళ కరెంటు వెనక్కి వెళ్ళి షాక్ కొట్టకూడదని అలా చేశారు, అది ఉండాల్సిందే. కరెంటు కోతల కోసమే సోలార్ అనుకుంటున్నవాళ్ళకి ఇది పనికిరాదు, బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ చూసుకోవాలి.

ఇక ఉత్పత్తి. ఏడాదికి 4,150 యూనిట్లు వచ్చాయి, జూన్‌లో పోయిన పదకొండు రోజులు తీసేసి. మే నెలలో ఎక్కువ వస్తుందనుకున్నాం, ఖమ్మం ఎండ సంగతి తెలిసిందే కదా, కానీ అన్నిటికంటే బాగా వచ్చింది మార్చిలో. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి 0.35 శాతం దాకా పడిపోతుందట, మేలో ప్యానెల్ ఒళ్ళు 65 డిగ్రీలకి పోతే ఎంత తగ్గుతుందో మీరే లెక్క వేసుకోండి. మార్చిలో రోజుకి 14 యూనిట్లు చూశాం, జులై ముసురులో 4 వచ్చిన రోజులూ ఉన్నాయి. కడగడం పది రోజులకోసారి, పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు, మామూలు నీళ్ళతో, అది మా ఆయన పని.

డబ్బులు. ముందు ఏడాది, అంటే 2024లో, మేం వాడింది 4,620 యూనిట్లు, నెలకి సగటున 385, బిల్లు రెండున్నర వేల పైనే వచ్చేది, మేలో అయితే ఐదు వేలు దాటేది, ఎందుకంటే 300 దాటాక యూనిట్ 9 రూపాయలు, 400 దాటాక తొమ్మిదిన్నర. ఇప్పుడు సగటున ఐదారొందలు వస్తోంది, మార్చిలో మినిమం ఛార్జీలే. చేతి నుంచి పెట్టిన 1,17,000 ఐదేళ్ళ లోపే వచ్చేస్తుంది. ప్యానెళ్ళకి పాతికేళ్ళ పర్ఫార్మెన్స్ వారంటీ ఇస్తున్నారు. డబ్బు వరకు ఇంతకన్నా మంచి పెట్టుబడి మాలాంటి ఇంటికి నాకు తెలియదు.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. మిగతాది మా నాన్న క్యాలెండర్ నుంచి.

నాన్న పాత అలవాటు, ప్లాంటులో లాగ్ బుక్ రాసినట్టు, రోజూ సాయంత్రం ఆరింటికీ పొద్దున ఆరింటికీ నెట్ మీటర్ (లైన్లోకి పంపిందీ, లైన్లోంచి తీసుకుందీ రెండూ చూపించే మీటరు) రీడింగ్ చూసి గోడ క్యాలెండర్‌లో రాసేవారు. ఏడాది అయ్యాక అవన్నీ కూడితే ఇలా తేలింది. 2025లో మా ఇల్లు మొత్తం వాడింది 5,780 యూనిట్లు. ముందు ఏడాది కంటే 1,160 ఎక్కువ! అందులో ప్యానెళ్ళ నుంచి నేరుగా ఇంట్లో వాడుకుంది 1,450 మాత్రమే, మిగతా 2,700 లైన్లోకి పోయాయి, లైన్లోంచి మేం తీసుకుంది 4,330. బిల్లు వేసేటప్పుడు 4,330లోంచి 2,700 తీసేసి 1,630కే వేస్తారు కాబట్టి మా కంటికి అంతా తగ్గినట్టే కనపడింది. కానీ ఎక్కువగా సాయంత్రం నుంచి పొద్దున దాకా గ్రిడ్ నుంచి మేం లాగింది 4,330 అంటే, సోలార్ లేనప్పుడు ఏడాదంతా లాగిన 4,620కి దగ్గర దగ్గరే. నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలా కూర్చుండిపోయా. రాత్రి ఎనిమిదింటికి ఏం చేస్తావని నాన్న అడిగింది ఇదే.

పెరిగిన 1,160 ఎక్కడికి పోయాయి? ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాం, దానికి ఏడాదికి 300 దాకా, అది పోసే పెట్రోలు బదులు కాబట్టి ఆ 300 గురించి నాకు బాధ లేదు, నెలకి పదిహేను లీటర్ల పెట్రోలు ఆగింది. ఇండక్షన్ స్టవ్‌కి 160 దాకా. మిగతా 700 పిల్లల గదిలో పెట్టిన రెండో ఏసీ. సోలార్ ఉంది కదా, బిల్లు రాదు కదా అని కొన్నదే అది, జీఎస్టీ తగ్గాక మా వీధిలో ఇంకో నాలుగు ఇళ్ళల్లో కూడా కొత్త ఏసీలు వచ్చాయి, అందులో రెండు సోలార్ ఉన్న ఇళ్ళే. ఏసీ నడిచేది రాత్రి పదింటి నుంచి, సోలార్ పడుకునేది సాయంత్రం ఆరింటికి. అంటే ఆ 700 యూనిట్లూ మా ప్యానెళ్ళవి కావు.

రాత్రి పూట ఆ కరెంటు ఎక్కడిది అంటే ఎక్కువ భాగం బొగ్గుదే. మన దేశంలో ప్లాంట్ల కెపాసిటీ లెక్కలో 2025 మధ్యకి సగం బొగ్గూ గ్యాసూ కానివే అయ్యాయి, సోలార్, గాలి, నీళ్ళు, అణు కలిపి, అది చిన్న సంగతి కాదు. కానీ నిజంగా తయారయ్యే యూనిట్లు చూస్తే వందకి రమారమి 70 బొగ్గు నుంచే వస్తున్నాయి, ఎందుకంటే సోలార్ రోజులో కొన్ని గంటలే పనిచేస్తుంది. ఒక యూనిట్‌కి మన బొగ్గు 650 గ్రాముల పైనే కాలుతుంది, అందులో 30 నుంచి 45 శాతం బూడిదే మిగులుతుంది. పాల్వంచలో కూల్చిన పాత ప్లాంటు మొత్తం కలిపి 720 మెగావాట్లు. అది మూతపడింది కదా అని బొగ్గు తగ్గలేదు, అక్కడే 2018లో 800 మెగావాట్ల కొత్త ప్లాంటు వచ్చింది, మణుగూరు దగ్గర భద్రాద్రి 1,080, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్లకని మొదలెట్టిన యాదాద్రి. తెలంగాణ పీక్ డిమాండ్, అంటే రాష్ట్రమంతా ఒకేసారి లాగే కరెంటు, 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. ఆ వాడకంలో బోర్ల మోటర్లున్నాయి, హైదరాబాద్ ఆఫీసులున్నాయి, మా రెండో ఏసీ కూడా ఉంది.

నాన్నతో ఈ లెక్క మీద చాలా రోజులు మాట్లాడుకున్నాం. ఆయన చెప్పిందేంటంటే పగలు సోలార్ ఎక్కువైనప్పుడు బొగ్గు ప్లాంట్లని ఆపేయలేరు, ఆపితే మళ్ళీ వేడెక్కించి లైన్లోకి తేవడానికి గంటలు పడుతుంది, అందుకని 55 శాతం దాకా దించి నడుపుతారు, సాయంత్రం ఆరు దాటగానే అందరూ ఒక్కసారి లైట్లూ ఏసీలూ వేస్తారు కాబట్టి మళ్ళీ పూర్తిగా ఎక్కిస్తారు. "బాయిలర్‌ని రోజూ దించి ఎక్కిస్తుంటే ట్యూబులు తట్టుకోవమ్మా, అది అందుకోసం కట్టింది కాదు" అంటారు. మేం మధ్యాహ్నం లైన్లోకి పంపిన 2,700 యూనిట్లు వృథా కాలేదు, ఎవరి ఇంట్లోనో షాపులోనో వాడే ఉంటారు, ఆ మేరకు బొగ్గు తగ్గే ఉంటుంది, ఆ లెక్కన మా ఇంటి వల్ల గ్రిడ్ మీద నికరంగా తగ్గింది 2,990 యూనిట్లు, రెండు టన్నులకి దగ్గరగా బొగ్గు, రెండు టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్. ఇది నిజమైన మేలే, దీన్ని నేను తక్కువ చేయను. కానీ మేం వాడకం పెంచకపోయి ఉంటే తగ్గేది 4,150. నాలుగో వంతు పైన మేమే తినేశాం.

మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, వాడి వాదన వేరు. "అక్కా, అమెరికాలో ఒక్కో మనిషి మీద ఏడాదికి 14 టన్నుల దాకా కార్బన్ లెక్క, మనకి 2 టన్నులు, మనమెందుకు తగ్గించుకోవాలి, ముందు డబ్బులు సంపాదిస్తే తర్వాత అన్నీ శుభ్రం చేసుకోవచ్చు" అంటాడు. వాడన్నదాంట్లో మొదటి సగం నేనూ ఒప్పుకుంటా. మా ఇంట్లో పనిచేసే అక్క వాళ్ళకి నెలకి 70 యూనిట్లు కూడా కాలవు, గృహజ్యోతి పథకంలో బిల్లు రాదు, రేకుల ఇంట్లో ఒక ఫ్యాన్, ఒక టీవీ, రెండు బల్బులు. మేలో ఆ రేకుల కింద మధ్యాహ్నం ఉండటం ఎలాగుంటుందో ఒకసారి వెళ్ళి చూశాను. వాళ్ళింటికి ఫ్రిజ్ రావాలి, కూలర్ రావాలి, ఆ వాడకం పెరిగి తీరాలి, దాన్ని ఎవరూ కాలుష్యం అని పేరు పెట్టి ఆపడానికి వీల్లేదు. దేశం మొత్తం మీద మనిషికి 2013-14లో 957 యూనిట్లు ఉన్నది 2023-24కి 1,395 అయింది, ఫ్యాక్టరీలూ పొలాలూ అన్నీ కలిపి. మా ఇంట్లో ఆరుగురం, ఒక్క ఇంటి వాడకమే మనిషికి 960 దాటింది. అంటే పెరగాల్సిన ఇల్లు మాది కాదు.

రెండో సగం, తర్వాత శుభ్రం చేసుకుందాం అనేది, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. డ్రైనేజీ నీళ్ళు డబ్బులొచ్చాక శుద్ధి చేసుకోవచ్చు, చిమ్నీలకి ఫిల్టర్లు పెట్టి పొగ తగ్గించుకోవచ్చు, డబ్బున్న దేశాలు అలాగే చేసుకున్నాయి. కార్బన్ అలా కాదు, గాలిలోకి పోయింది వందల ఏళ్ళు అక్కడే ఉంటుంది, దాన్ని తర్వాత ఊడ్చేయడానికి చీపురు లేదు. పైగా ఇప్పుడు కట్టిన బొగ్గు ప్లాంటు పాతిక ముప్పై ఏళ్ళు నడుస్తుంది, కొన్న ఏసీ పదేళ్ళు నడుస్తుంది. ఎదిగేటప్పుడే దేని మీద ఎదుగుతున్నామో చూసుకోవాలి, ఎదిగాక కాదు.

సరే, మరి మేం ఏం మార్చుకున్నామో చెప్తా, ఎందుకంటే సోలార్ పెట్టించుకునేవాళ్ళు మొదటి రోజు నుంచే ఇవి చేస్తే మాలాగా ఏడాది పోగొట్టుకోరు. నీళ్ళ మోటరు పొద్దున ఐదింటికి వేసేవాళ్ళం, ఇప్పుడు పదకొండింటికి. వాషింగ్ మెషీన్ పన్నెండింటికి. స్కూటర్ ఛార్జింగ్ రాత్రి పెట్టి పడుకునేవాళ్ళం, మా ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తారు కాబట్టి ఆ గంటన్నరా పెడుతున్నాం, ఆదివారం పూర్తిగా నింపేస్తున్నాం. గీజర్ తీసేయలేదు కానీ పొద్దున స్నానాలు చేసే నలుగురికీ కలిపి ఒక్కసారే వేస్తున్నాం. పప్పు, చారు మధ్యాహ్నమే ఇండక్షన్ మీద చేసేసి సాయంత్రం అన్నం మాత్రం గ్యాస్ మీద. ఏసీ 22లో పెట్టేవాళ్ళం, ఇప్పుడు 26లో పెట్టి ఫ్యాన్ వేస్తున్నాం, ఒక్కో డిగ్రీకి 6 శాతం దాకా కరెంటు మిగులుతుంది. ఎండాకాలంలో పిల్లలిద్దరూ మా గదిలోనే పడుకుంటారని మాట తీసుకున్నా, ఇది అన్నిటికంటే కష్టమైన ఒప్పందం, పెద్దవాడికి పదిహేనేళ్ళు.

బ్యాటరీ పెట్టిద్దామా అని కూడా చూశాం. ఐదు యూనిట్లు దాచుకునే లిథియం బ్యాటరీ, దానికి హైబ్రిడ్ ఇన్వర్టర్, రేటు విని ఆగాం, ఉన్న ఇన్వర్టర్ తీసేయాలి, అది పెట్టి ఏడాదే అయింది. పెద్ద ఎత్తున అయితే ఈ పని నీళ్ళతో చేస్తారు, పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళు పైకి తోడి, రాత్రి కిందకి వదిలి కరెంటు తీయడం. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 900 మెగావాట్ల టర్బైన్లు అలా వెనక్కి తోడగలిగేవే, అటు ఆంధ్రాలో పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్లది కట్టారు. మా డాబా మీద నుంచి మధ్యాహ్నం పోయే యూనిట్లు రాత్రికి మళ్ళీ రావాలంటే అలాంటివి ఇంకా చాలా కావాలి. ప్యానెళ్ళు పాడైపోయాక ఏం చేయాలని కూడా అడుగుతున్నారు కొందరు, 2022 ఈ-వేస్ట్ రూల్స్‌లో సోలార్ ప్యానెళ్ళని చేర్చారు, తయారు చేసిన కంపెనీ బాధ్యత ఉంటుంది, పాత ఇనుము వాళ్ళకి మాత్రం ఇవ్వకండి.

రేటింగ్ అడిగితే ప్యానెళ్ళకి ఐదుకి ఐదు, ఇన్వర్టర్‌కి నాలుగున్నర, వెండర్ సర్వీస్‌కి మూడు.

2026 జనవరిలో గ్రిడ్ నుంచి లాగింది 210 యూనిట్లు, 2025 జనవరిలో 265. అసలు పరీక్ష వేసవిలో, ఏప్రిల్, మే నెలల రీడింగులు వచ్చాక ఈ రివ్యూ కిందే వేస్తా. నాన్న కొత్త క్యాలెండర్‌లో ఈసారి మూడో గడి గీశారు, రాత్రి ఎనిమిదింటి రీడింగ్ కోసం.